మాయల ఫకీరు చిలక ఎవరి సొత్తు?

"మామా, వోల్డెమార్టంటే మన మాయల ఫకీరే గదా. ఎత్తేసినారు వీళ్లు!"

మా అక్క కొడుకు చెప్పిన తీర్పు ఇది. కడపలో ఎనిమిదో తరగతి. హ్యారీ పోటర్ ఆరో భాగం ముగించిన వేసవి సెలవుల్లోనే వాళ్ల జేజి నోట బాలనాగమ్మ కథ విన్నాడు. అక్కడా మాంత్రికుడి ప్రాణం ఒంట్లో ఉండదు, ఇక్కడా ఉండదు. వాడికి ఆ సాక్ష్యం చాలు.

పిల్లోడి మాట అని నవ్వి ఊరుకోవచ్చు గానీ, పెద్దవాళ్లం మనం అనేది ఇంతకన్నా గొప్పగా ఏమీ ఉండదు. ఒక జట్టు "అన్నీ వేదాల్లోనే ఉన్నాయష" బాపతు. లోకంలోని ప్రతి మంత్రగాడూ మన పొలిమేర దాటి వెళ్లినవాడే అంటుంది. ఇంకో జట్టు చందమామ సీరియళ్లన్నీ ఇంగ్లీషు నుంచి దించినవే అని పెదవి విరుస్తుంది. రెండు జట్లకీ కథంటే చేతులు మారే సొమ్ము. ఒకరి దగ్గరుంటే ఇంకొకరి దగ్గర దొంగసొత్తు. పిల్లల కోసం రాసిన పాత ఫాంటసీ పుస్తకాలు తర్వాతి రచయితల చేతుల్లో ఏమయ్యాయో కాస్త దగ్గరగా చూస్తే మాత్రం ఈ దొంగ–దొర లెక్క ఎక్కడా కుదరదు.

ముందు ఫకీరు సంగతే చూద్దాం.

1868లో లండన్‌లో 'ఓల్డ్ డెక్కన్ డేస్' అనే పుస్తకం అచ్చయింది. కూర్చినావిడ మేరీ ఫ్రియర్, బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కూతురు. కథలు చెప్పినావిడ మాత్రం వాళ్లింటి ఆయా, అన్నా లిబరాటా డిసౌజా. దక్కన్‌లో గవర్నరు పర్యటనకు వెళ్లినప్పుడు దారి పొడుగునా ఆ ఆయా తన అవ్వ దగ్గర విన్న కథలు చెబుతుంటే ఈ అమ్మాయి రాసుకుంది. అందులో మొదటి కథ 'పంచ్‌కిన్'. ఒక రాజుకి ఏడుగురు కూతుళ్లు. చిన్నదాని పేరు బాల్నా. సవతితల్లి బాధలు పడలేక అడవి పాలైన ఆ ఏడుగురినీ ఇంకో రాజు కొడుకులు ఏడుగురు పెళ్లాడతారు. పంచ్‌కిన్ అనే మాంత్రికుడు ఉయ్యాల్లోని పసివాణ్ణి వదిలి బాల్నాని ఎత్తుకుపోతాడు. వెతకడానికి వచ్చిన మొగుణ్ణీ, బావల్నీ రాళ్లుగా, చెట్లుగా మార్చేస్తాడు. పసివాడు పెరిగి పెద్దవాడై తల్లిని వెతుక్కుంటూ వచ్చి, తోటమాలి ఇంట్లో ఆడపిల్ల వేషంలో తలదాచుకుంటాడు. కొడుకు సలహా మీద తల్లి మాంత్రికుణ్ణి మాటల్లో పెట్టి, ప్రాణం ఎక్కడుందో రాబడుతుంది. దూరాన కీకారణ్యంలో, తాటిచెట్ల వలయం నడుమ, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు నీళ్లకుండల అడుగున చిన్న పంజరం. పంజరంలో పచ్చని చిలక.

కుండల ముచ్చట ఒక్కటి పక్కనపెడితే ఈ కథ రాయలసీమలో బుర్రకథ విన్నవాళ్లకి కొత్తేమీ కాదు. ఏడుగురు కూతుళ్లలో చిన్నదైన బాలనాగమ్మ, ఉయ్యాల్లో మిగిలిపోయిన బాలవర్ధి, రాళ్లయిపోయిన బలగం, కొడుక్కి ఆసరా ఇచ్చిన పూలు కట్టే అవ్వ, చివరికి చిలక మెడ. పేరులోని 'బాల' కూడా అలాగే నిలిచింది.

ఇక్కడ ఒక కొలబద్ద దొరుకుతుంది. రెండు కథల మధ్య పెద్ద పోలిక ఏమీ రుజువు చేయదు. చిన్నవి, కథకి పెద్దగా అవసరం లేని పోలికలే రుజువు చేస్తాయి. 'ప్రాణం బయట దాచుకోవడం' అనేది పెద్ద పోలిక. రష్యా కథల్లో కోష్చెయ్ అనే మాంత్రికుడి ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. నార్వే రాక్షసుడి గుండె దీవిలోని గుడిబావిలో ఈదే బాతు గుడ్డులో ఉంటుంది. ఇవన్నీ కడప నుంచి పోయాయనడానికి లేదు, కడపకి వచ్చాయనడానికీ లేదు. పూలు కట్టే అవ్వ, ఏడుగురిలో చిన్నది, ఉయ్యాల్లో పసివాడు వరసగా కలిశాయంటే మాత్రం అది ఒకే కథ. దక్కన్ నేల మీద నోటినోటా తిరిగి, ఒక ఆయా నోట లండన్ చేరింది.

చేరాక ఊరికే లేదు. 1890లో జేమ్స్ ఫ్రేజర్ 'ది గోల్డెన్ బౌ'లో ఒంటి బయట దాగిన ప్రాణాల గురించి రాస్తూ పంచ్‌కిన్ కథని ఉదాహరణగా చెప్పాడు. 1892లో జోసెఫ్ జేకబ్స్ తన భారతీయ కథల సంపుటంలో పిల్లల కోసం మళ్లీ వేశాడు. అంటే ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి ఇంగ్లీషు చదివే పిల్లలకి, పండితులకి మన చిలక తెలిసిన పక్షే. 2005లో వచ్చిన పోటర్ ఆరో భాగంలో ప్రాణాన్ని ముక్కలు చేసి ఉంగరంలో, కప్పులో, లాకెట్‌లో దాచుకునే మాంత్రికుడు ఇలాంటి ఎన్నో కథలు పోగైన చోటు నుంచి వచ్చినవాడు. మావాడి తీర్పులో మొదటి సగం సరైనదే. వోల్డెమార్టు, ఫకీరు ఒక వంశమే. రెండో సగం నిలవదు.

కథలు అలా పోగైన చోటుకి ఇంగ్లీషు ఫాంటసీ రచయిత టోల్కీన్ ఒక పేరు పెట్టాడు. 1939లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో అద్భుత కథల గురించి ఇచ్చిన ఉపన్యాసంలో, కథలనేవి ఎప్పుడూ ఉడుకుతూ ఉండే ఒక పెద్ద గంగాళం అన్నాడు. అందులో ప్రతి తరమూ ఇంకో ముక్క వేస్తూ ఉంటుంది. ముందున్న సూపు రుచి చూడండి, అది ఏ ఎద్దు ఎముకలతో చేశారని గంటె పెట్టి కెలకొద్దు అని కూడా అన్నాడు. తమాషా ఏమిటంటే ఈ సూపు, ఎముకల పోలిక ఆయన సొంతం కాదు. 1859లో నార్వే కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన డేసెంట్ రాసిన ముందుమాటలోది. ఆ సంగతి ఆయనే చెప్పి మరీ వాడుకున్నాడు.

గంగాళం మాట నిజమే గానీ అది సగం సంగతే. గంగాళంలోంచి తీసుకోవడం ఒకటి, పక్కింటి వంట రుచి చూసి ఉప్పు తక్కువైందని ఇంటికొచ్చి మళ్లీ వండుకోవడం ఇంకొకటి. పిల్లల ఫాంటసీ చరిత్రలో రెండోదే ఎక్కువ పనిచేసింది.

జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే స్కాట్లండ్ రచయిత 1872లో 'ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్' అనే పుస్తకం వేశాడు. కొండ కింద గాబ్లిన్లనే వికారపు జీవులు కాపురముంటాయి. వాటి తల బండరాయి, ఎంత మోదినా చలించదు. పాదాలు మాత్రం మెత్తన, వేళ్లుండవు. గనిలో పనిచేసే కర్డీ అనే కుర్రాడికి ఈ గుట్టు తెలుసు. అందుకే గాబ్లిన్ ఎదురైతే తల జోలికి పోడు, కాలు తొక్కేస్తాడు. ఇంకో బలహీనత కూడా ఉంది. పాట వింటే అవి తట్టుకోలేవు. కర్డీ అప్పటికప్పుడు పదాలు కట్టి పాడి తరిమేస్తుంటాడు.

టోల్కీన్ చిన్నప్పుడు ఈ పుస్తకం చదివాడు. 1937లో ఆయన రాసిన 'ది హాబిట్'లోనూ కొండల కింద గాబ్లిన్లున్నాయి. 1954లో ఒక ఉత్తరంలో, నా గాబ్లిన్లకి మెక్‌డొనాల్డ్ గాబ్లిన్ల బాకీ చాలా ఉంది గానీ ఆ మెత్తటి పాదాలు మాత్రం నేనెన్నడూ నమ్మలేదు అని రాశాడు. నాకు ఈ వాక్యం మీద ఉన్న మోజు అంతా ఇంతా కాదు. అరవై దాటిన ఆచార్యుడు, ప్రపంచంలోకెల్లా పెద్ద కాల్పనిక లోకం కట్టినవాడు, చిన్నప్పుడు చదివిన పుస్తకంలో పాదాల దగ్గర పడిన పేచీని ఇంకా మరిచిపోలేదు. పైగా హాబిట్‌లో గాబ్లిన్లు ఎలా వస్తాయో చూడండి. ఖైదీలను ఈడ్చుకుపోతూ, కొరడాలు ఝళిపిస్తూ, పాట పాడుతూ వస్తాయి. మెక్‌డొనాల్డ్ దగ్గర పాటకి పారిపోయిన జాతి ఇక్కడ పాటతోనే భయపెడుతుంది. గుహలు, సుత్తులు, చీకటి అట్టిపెట్టుకున్నాడు. నమ్మకం కుదరని చోట తిరగరాశాడు.

అదే మెక్‌డొనాల్డ్‌తో టోల్కీన్‌కి ఇంకో తగాదా ఉంది. 1960లలో 'ది గోల్డెన్ కీ' అనే మెక్‌డొనాల్డ్ కథకి ముందుమాట రాసివ్వమని ప్రచురణకర్తలు అడిగారు. కూర్చుని మళ్లీ చదివితే ఆయనకి నచ్చలేదు. అసలు అద్భుతం అంటే ఏమిటో పిల్లలకి చెబుదామని ముందుమాటలో ఒక వంటవాడి కథ ఉదాహరణగా ఎత్తుకున్నాడు. ఆ ఉదాహరణ పెరిగి పెరిగి 1967లో విడి పుస్తకమైంది. ముందుమాట మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. నచ్చిన పుస్తకం ఎంత పని చేయిస్తుందో నచ్చని పుస్తకమూ అంతే చేయిస్తుంది, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువే.

టోల్కీన్ మిత్రుడు సి.ఎస్. లూయిస్‌ది వేరే తోవ. ఆయనకి మెక్‌డొనాల్డ్ అంటే భక్తి. 1916లో రైల్వే స్టేషను పుస్తకాల షాపులో 'ఫాంటాస్టెస్' కొనుక్కుని చదివిన రోజు నుంచీ గురువుగారనే పిలిచాడు. ఇద్దరు స్నేహితులు, ఒకే పాత రచయిత. ఒకరు తగాదా పడ్డారు, ఒకరు దండం పెట్టారు. ఇద్దరి పుస్తకాలూ నిలిచాయి. కాబట్టి తగాదా ఒక్కటే దారి అని నేననను.

లూయిస్ మీద ఇంకో రచయిత్రి నీడ కూడా ఉంది. ఈ. నెస్బిట్. 1906లో ఆవిడ రాసిన 'ది స్టోరీ ఆఫ్ ది ఆమ్యులెట్'లో పిల్లలు తాయెత్తు సాయంతో ప్రాచీన బాబిలోన్‌కి వెళ్తారు. తర్వాత బాబిలోన్ రాణి వాళ్ల లండన్‌కే చుట్టపుచూపుగా దిగుతుంది. మ్యూజియంలో ఉన్న నగలు నావే, ఇచ్చేయమని రభస చేస్తుంది. 1955లో లూయిస్ రాసిన 'ది మెజీషియన్స్ నెఫ్యూ'లో మరో లోకపు రాణి జాడిస్ లండన్‌లో ఊడిపడుతుంది. నగల షాపు దోచి, గుర్రబ్బండి మీద నిలబడి వీధులన్నీ హోరెత్తిస్తుంది. ఇందాకటి కొలబద్ద పెట్టి చూడండి. వేరే లోకం నుంచి రాణి రావడం పెద్ద పోలిక, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. రాణి, లండన్ వీధి, నగలు, చుట్టూ మూగిన జనం, బిక్కచచ్చిన పిల్లలు అన్నీ ఒకేచోట కూడడం చిన్న పోలిక. అనుమానం ఇంకా మిగిలితే లూయిస్ పుస్తకం మొదట్లోనే జవాబుంది. ఈ కథ జరిగిన రోజుల్లో బాస్టబుల్ పిల్లలు లూయిషమ్ రోడ్డులో నిధి కోసం వెతుకుతుండేవారు అంటాడు. బాస్టబుల్స్ నెస్బిట్ సృష్టించిన పిల్లలు. పెద్దావిడకి గుమ్మంలోనే నమస్కారం పెట్టి లోపలికి వెళ్లాడన్నమాట.

తెలిసి తీసుకున్నవాటి సంగతి ఇది. తెలియకుండా చేతికంటినవీ ఉంటాయి. 1927లో వైక్ స్మిత్ అనే ఆయన స్నెర్గులనే పొట్టివాళ్ల మీద పిల్లల పుస్తకం రాశాడు. తిండి, విందులు, స్నేహం వాళ్లకి ప్రాణం. టోల్కీన్ పిల్లలకి ఆ పుస్తకం తెగ ఇష్టం. తర్వాత చాలా ఏళ్లకి, తన కథల్లోని పొట్టి హాబిట్లకి బహుశా అదే నాకు తెలియని మూలం అయ్యుంటుందని ఆయనే ఒప్పుకున్నాడు. పిల్లలకి రాత్రిపూట చదివి వినిపించిన పుస్తకాలు తండ్రి బుర్రలో ఏం చేస్తాయో ఎవరు కాపలా కాయగలరు?

నాకన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ అమెరికా రచయిత్రి అర్సులా లె గ్విన్‌ది. కాస్త పెద్ద పిల్లల కోసం ఒక నవల రాయమని ఒక ప్రచురణకర్త అడిగారు. ఆవిడ మాంత్రికుల గురించి ఆలోచించింది. పాత కథల మెర్లిన్, టోల్కీన్ గాండాల్ఫ్, అందరూ తెల్లగడ్డం ముసలివాళ్లే. మరి గడ్డం రాకముందు వీళ్లేం చేశారు? ఇంత ప్రమాదకరమైన విద్య ఎక్కడ నేర్చుకున్నారు? ఈ రెండు ప్రశ్నల నుంచి 1968లో 'ఏ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' వచ్చింది. రోక్ దీవిలో మాంత్రికుల బడి, పొగరుబోతు కుర్రాడు గెడ్, అహంకారంతో చేసిన ఒక మంత్రం, దానివల్ల వెంటపడిన నీడ. పాత పుస్తకాలు చెప్పకుండా వదిలేసిన ఖాళీలోంచి మొత్తం నవల మొలిచింది. ఆవిడ ఇంకో పని కూడా చేసింది. అప్పటిదాకా ఫాంటసీ వీరులు తెల్లవాళ్లు. గెడ్‌ది ఎర్రటి గోధుమ రంగు. ఈ సంగతి పెద్దగా చాటలేదు, కథలో అలా పెట్టేసింది.

మాంత్రికుల బడి అనగానే 1997లో రౌలింగ్ మొదలుపెట్టిన హ్యారీ పోటర్ గుర్తొస్తుంది కాబట్టి ఆ ముడి కూడా విప్పాలి. రౌలింగ్ కన్నా ముందే లె గ్విన్ బడి ఉంది, 1974లో జిల్ మర్ఫీ రాసిన మంత్రగత్తెల హాస్టలు బడి కూడా ఉంది. ఇవిగాక 1857 నాటి టామ్ బ్రౌన్ నుంచీ ఇంగ్లండులో హాస్టలు బడి కథల పరంపర ఒకటుంది. డార్మిటరీలు, హౌస్‌లు, ఆటల పోటీలు, పడని మాస్టారు అన్నీ అందులోవే. రౌలింగ్ ఈ రెండు కాలవల్నీ ఒక మడిలోకి మళ్లించింది. లె గ్విన్ కూడా కాపీ అనలేదు. ముందు నడిచినవాళ్ల పేర్లు ఇంకాస్త తలుచుకుని ఉంటే బాగుండేదని మాత్రం అంది. నాకైతే ఆ మాటలో న్యాయముందనే అనిపిస్తుంది.

ఇక నేరుగా కయ్యానికి కాలు దువ్వినవాడు ఫిలిప్ పుల్మన్. లూయిస్ నార్నియా పుస్తకాల చివరి భాగంలో (1956) అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో సూసన్ ఒక్కతికే స్వర్గంలాంటి ఆ లోకంలోకి ప్రవేశం దొరకదు. ఆమెకిప్పుడు మేజోళ్లు, లిప్‌స్టిక్, పార్టీలు తప్ప ఏమీ పట్టవని మిగతావాళ్లు తేల్చేస్తారు. పెద్దదవుతున్న ఆడపిల్లకి ఇదేం శిక్షని పుల్మన్ 1998లో పత్రికలో దుమ్మెత్తిపోశాడు. అప్పటికే 1995లో మొదలైన ఆయన నవలల్లో ఎదగడం పాపం కాదు, కథకి గుండెకాయే అది. తమాషాగా, ఆ నవల మొదట్లో ఆయన కథానాయిక లైరా దాక్కునేది బట్టల బీరువాలో. లూయిస్ పిల్లలు నార్నియాకి వెళ్లిందీ బట్టల బీరువాలోంచే. లైరా బీరువాకి వేరే లోకం వైపు తలుపు లేదు. అందులోంచి ఆమెకి కనపడేది పెద్దల కుట్ర. 2004లో నీల్ గెయ్‌మన్ సూసన్ తర్వాతి జీవితం మీదే ఒక కథ రాశాడు. ఒక్క పాత్రకి జరిగిన అన్యాయం ఎంతమంది రచయితల్ని కుదురుగా కూర్చోనివ్వలేదో చూడండి.

ఇప్పుడు మన గడపలోకొద్దాం. ఇంగ్లీషువాళ్లకి ఇంత పొడుగు వరస ఏర్పడింది. మనకెందుకు ఏర్పడలేదు?

సరుకు లేక కాదు. 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలుపెట్టిన ఇద్దరిలో బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడు మనిషి. రెండోవారు తెనాలి చక్రపాణి. 1951లో వాళ్ల విజయా సంస్థ తీసిన పాతాళభైరవికి దర్శకుడు కె.వి. రెడ్డి, అనంతపురం జిల్లా తాడిపత్రి వాడు. తెలుగు పిల్లల కళ్లకి మాంత్రికుడి గడ్డం, గుహ, నరబలి, అడిగిందిచ్చే విగ్రహం ఇలా ఉంటాయని చూపించినవాళ్లలో ఇద్దరు ముఖ్యులు మన సీమ వాళ్లు. ఆ సినిమా కథకి వేరు మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో ఉంది. ఆ కథల చట్రం కూడా భలేది. మణిసిద్ధుడనే బ్రాహ్మడు, పశువులు కాసుకునే కుర్రాడు కలిసి కాశీకి నడుస్తుంటారు. దారిలో కుర్రాడు ఏ వింత చూసినా, మజిలీలో దాని వెనక కథ చెప్పాల్సిందే, లేకపోతే వాడు అడుగు ముందుకు వేయడు. బేతాళ కథలదీ అదే దారి. సంస్కృతంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో బేతాళుడు చెప్పేవి ఇరవై అయిదు. శవం, భుజం, మౌనభంగం అలాగే ఉంచి చందమామ దశాబ్దాలపాటు కొత్త కథలు నింపింది. పాతదాని నుంచి చట్రం తీసుకోవడంలో మనవాళ్లకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

1954 నుంచి తోకచుక్కతో మొదలై ఏళ్ల తరబడి నడిచిన చందమామ సీరియళ్లు దాసరి సుబ్రహ్మణ్యం రాసినవి. ఏకాక్షి, చతుర్నేత్రుడు, సముద్రం మీద ఓడలతో బయల్దేరిన సమరసేనుడు. చిత్రా వేసిన బొమ్మలతో కలిపి వాటిని చదివిన తరం ఇప్పటికీ ఆ పేర్లు నిద్రలో కూడా చెబుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. చదివిన పిల్లలకి రాసింది ఎవరో తెలియదు. పుస్తకాలుగా కూడా చాలాకాలం దొరకలేదు. నెలనెలా సంచికలోంచి పేజీలు విప్పి, వరసగా పెట్టి కుట్టించుకున్న బైండులే పుస్తకాలు. కడప, ప్రొద్దుటూరు ఇళ్లలో అటకల మీద అలాంటి బైండులు నేను చూశాను. అట్ట మీద ఇంటిపేరు, ఊరు ఉంటాయి. అవి బైండు చేయించుకున్నవాళ్లవి.

పేరుకి అంత ప్రాధాన్యముందా అనొచ్చు. ఉందనే నా వాదం. టోల్కీన్ పేచీ పడింది మెక్‌డొనాల్డ్‌తో, పుల్మన్ పోట్లాడింది లూయిస్‌తో. ఎదురుగా మనిషి ఉంటేనే కదా మాటకి మాట. చందమామ మనకి దైవదత్తంగా ప్రతినెలా ఊడిపడింది. దేవుడితో ఎవరు తగాదా పడతారు? దాన్ని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాం, నోస్టాల్జియా వ్యాసాలు రాసుకున్నాం. ఆ సీరియళ్లలో రాకుమార్తెలు ఎప్పుడూ ఎత్తుకుపోబడటానికే ఎందుకున్నారని ఒక్క నవల రాసి అడిగినవాళ్లు నాకు తగల్లేదు. బాలనాగమ్మ ఫకీరు కోటలో ఏళ్ల తరబడి వ్రతం నెపంతో వాణ్ణి దూరం పెట్టింది. అన్నేళ్లు ఆవిడ లోపల ఏం చూసింది, వాడి విద్యల్లో ఏం పసిగట్టింది? కథ మొత్తం కొడుకు వెంట పరుగెత్తి అటువైపు తొంగిచూడదు. లె గ్విన్ గాండాల్ఫ్ దగ్గర పట్టుకున్న ఖాళీ ఎంతదో ఇదీ అంతే.

వరస పూర్తిగా తెగిపోయిందనీ చెప్పలేను, దారి మళ్లింది. 1994లో భైరవద్వీపం వచ్చింది. తీసింది చందమామ విజయా కంబైన్స్, నాగిరెడ్డి కొడుకు వెంకట్రామిరెడ్డి నిర్మాత. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. పాతాళభైరవి నుంచి భైరవద్వీపం దాకా గురువు, శిష్యుడు, పేరు, ఊరు అన్నీ స్పష్టంగా కనపడే వరస ఇది. తెలుగులో ఫాంటసీ పరంపర పుస్తకంలోంచి తెర మీదకి వలసపోయింది. తెర మీద రచయిత ఒక్కడు కూర్చుని రాసుకునే పని కాదు. కోట్లు కావాలి. అందుకే నలభై ఏళ్లకి ఒక మెట్టు.

ఇంకో కారణం ఉంది, చెప్పడం కాస్త సున్నితం. ఇంగ్లండులో ఆల్డర్లీ ఎడ్జ్ అనే కొండ దగ్గర ఒక ఐతిహ్యం ఉంది. కొండ గర్భంలో వీరులు గుర్రాలతో సహా నిద్రపోతున్నారని, దేశానికి ఆపద వచ్చిననాడు లేస్తారని. అలన్ గార్నర్ అక్కడే పెరిగాడు, ఆ కథ తాత నోట విన్నాడు. 1960లో దాన్నే పట్టుకుని మొదటి నవల రాశాడు. నిజమైన పొలాల పేర్లు, నిజమైన రాగి గనుల దార్లు పెట్టి. పాఠకులు ఇప్పటికీ పుస్తకం చేతబట్టుకుని ఆ కొండంతా తిరుగుతారు.

కడప జిల్లావాడికి ఈ ఐతిహ్యం వింటే ఏం గుర్తురావాలి? కందిమల్లాయపల్లెలో జీవసమాధిలోకి వెళ్లిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి వీరభోగ వసంతరాయలుగా మళ్లీ వస్తాడన్న నమ్మకం. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో పశువులు కాస్తూ కాలజ్ఞానం రాయడం, ఆ తాళపత్రాలు అచ్చమ్మగారింట్లో చింతమాను కింద పాతరలో ఉన్నాయనడం. ఫాంటసీ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆల్డర్లీ వీరుల్ని ఇప్పుడెవరూ కొలవరు, బ్రహ్మంగారిని కొలుస్తారు. అక్కడ చల్లారిపోయిన నమ్మకం రచయిత చేతికి స్వేచ్ఛగా దొరికింది. ఇక్కడ దీపం వెలుగుతున్న గుడి. యముడితో మన సినిమాలు కావలసినన్ని వేళాకోళాలు ఆడాయి, ఎవరూ ఏమీ అనలేదు. ఊరి స్వామి జోలికెళ్లడం వేరు. ఆ జంకు నాకు తప్పుగా తోచదు. భక్తుల మనసు నొప్పించకుండా రాయడమూ అసాధ్యమేమీ కాదు. గార్నర్ కథ నిద్రపోయే వీరుల మీద నడవదు, కొండ మీదకొచ్చిన ఇద్దరు పిల్లల మీద నడుస్తుంది.

చందమామ ఈ చిక్కుని వేరేలా దాటేసింది. పదికి పైగా భాషల్లో అచ్చయిన పత్రిక కాబట్టి దాని రాజ్యాలకి ఊరూ పేరూ ఉండేది కాదు. తోకచుక్కలోని కుండలినీ ద్వీపం ఏ పటంలోనూ లేదు. వ్యాపారానికి అది మేలే చేసింది. మనకి మిగిలింది మాత్రం తెలుగు మాట్లాడే మాంత్రికుడు, ఏ ఊరూ కాని ఊరు. బెలుం గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటుని పాతాళగంగ అంటారు. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహల్లో టిక్కెట్టు తీసుకుని చెమటలు కక్కుతూ దిగివచ్చిన సీమ పిల్లలెవరూ దాన్ని ఏ కథలోనూ చదివి ఉండరు.

కావలసిన ముడిసరుకు కడపలోనే అచ్చేసి పెట్టారు. సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరనే గ్రంథాలయం, పరిశోధన కేంద్రం నడుస్తున్నాయి. రెండొందల ఏళ్లనాడు కంపెనీ సర్వే అధికారి మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయత్తుల్లో కడప జిల్లావి అక్కడివాళ్లు సంపుటాలుగా వేశారు. ఏ ఊరు ఎవరు కట్టారు, ఏ చెరువుకి ఎవరి బలి, ఏ గుట్ట మీద ఏ దేవర. డేసెంట్ నార్వే కథలు ఇంగ్లీషువాళ్లకి ఎలాంటివో ఇవీ అలాంటివే. వాటిని పరిశోధక విద్యార్థులు పుట సంఖ్య కోసం తిరగేస్తున్నారు. పిల్లల కోసం రాసేవాళ్లు ఇంకా తెరవాలి.